గూడబాతు ఓడలో రెండో మంచం

సొహార్, ఒమన్
శుక్రవారం

గౌరవనీయులైన అత్తయ్య గారికి,

ప్రసాద్ వందనాలు. నా ఆరోగ్యం బాగానే ఉంది. మామయ్య గారి మోకాలి నొప్పి ఎలా ఉంది? ఏలూరులో ఎండలు ముదిరాయని విన్నాను. ఆయన్ని మధ్యాహ్నం పూట బజారుకు వెళ్ళనివ్వకండి. మీ బీపీ మాత్రలు అయిపోకముందే తెప్పించుకోండి.

పని అలవాటైంది. కైకలూరులో చేపల చెరువుల నీళ్ళు పరీక్ష చేసేవాణ్ణి. ఇక్కడ సముద్రపు నీటిని మంచినీళ్ళు చేసే ప్లాంటులో అదే పని. సీసాలు అవే, ఉప్పు ఎక్కువ. గాలిలో తేమకు చొక్కా ఒంటికి అంటుకుపోతుంది, అయినా వాన పడదు. శుక్రవారాలు తెలుగువాళ్ళ ఆరాధనకు వెళ్తున్నాను. వెనక వరసలో కూర్చుంటాను. సునీత ఉన్నప్పుడు పాడే పాట వస్తే కాసేపు బయట నిలబడి వస్తాను. అంతకు మించి ఇబ్బంది ఏమీ లేదు. దిగులు పడకండి.

తిండికీ లోటు లేదు. నా గదిలో ఉండే సత్తిబాబుది తాడేపల్లిగూడెం, ఏసీ మెకానిక్. వంట అతనిదే. ఇక్కడి చేప పెద్దది, ముళ్ళు తక్కువ. కొర్రమీను రుచి మాత్రం రాదు.

ఇక అసలు సంగతి. కిందటి నెల మీరు ఫోనులో అడిగారు. "అల్లుడు గారూ, ఈ పిల్ల శనివారం వచ్చిందంటే నెట్ సెంటరుకి పోతోందండీ. ఎవరికి రాస్తోందో, ఏం రాస్తోందో. అడిగితే డాడీకి తెలుసు అంటోంది." నేను, "చదువు పనేనండీ," అన్నాను. అది నిజం కాదు. మీ ఇంట్లో, మీ చేతి అన్నం తింటున్న నా కూతురు కీర్తన గురించి మీకే అబద్ధం చెప్పాను. క్షమించండి.

ఉన్నది ఇది. ఇంటర్నెట్‌లో ఒక ఆట ఉంది. వేరువేరు దేశాలవాళ్ళు ఈమెయిళ్ళలో కలిసి ఒక కథ రాస్తారు. ఒక్కొక్కరిది ఒక్కో పాత్ర. కథ నక్షత్రాల మధ్య తిరిగే ఓడలో జరుగుతుంది. ముందుగా ఎవరో ఒకరు ఆ ఓడను గీసి, ఏ గది ఎందుకో రాసి పంపాలి. ఆట నడిపే ఆయన ఒప్పుకుంటేనే కథ మొదలవుతుంది. ఆయన స్కాట్లాండులో రిటైరైన మాస్టారు. కీర్తన ఆయనకు రాసే ప్రతి ఉత్తరం నకలు నాకూ వస్తుంది. చెడ్డదేమీ లేదు. ఉంటే నేనే మాన్పించేవాణ్ణి.

సునీత పోయాక కీర్తన నాతో ఫోనులో ఎలా మాట్లాడేదో మీరు పక్కనే ఉండి విన్నారు. "తిన్నాను డాడీ. చదువుతున్నాను డాడీ. అమ్మమ్మకి ఇస్తున్నా." అంతే. అలాంటిది ఒక రోజు మెయిలు రాసింది: "డాడీ, ఓడలో రెండొందలమందికి మంచినీళ్ళు ఎలా వస్తాయి?" నాకు తెలిసిన విద్య అదొక్కటే. పేజీలకు పేజీలు రాశాను. జవాబుగా ఇంకో ప్రశ్న వచ్చింది. అలా ఇద్దరం కలిసి ఓడ కట్టడం మొదలుపెట్టాం.

అది పరిశోధన ఓడ. తుపాకులు లేవు. కింద పెద్ద సంచిలాంటిది ఉంటుంది. ఏ లోకానికి వెళ్ళినా అక్కడి నీళ్ళు అందులో పట్టుకొస్తుంది. ఆటపాకలో పక్షులను చూడటానికి వెళ్ళినప్పుడు సునీత కీర్తనకు గూడబాతు గొంతు కింది సంచి చూపించిందట. అందుకే ఓడ పేరు గూడబాతు. స్కాట్లాండు ఆయన ఆ పేరు పలకలేకపోతున్నానని రాశారు. కీర్తన మార్చనంది.

నేను ఇక్కడ కాగితాల మీద గీస్తుంటే సత్తిబాబు తొంగి చూశాడు.

"ఏంటండీ మాస్టారూ, ఇల్లు కడుతున్నారా?"

"ఓడ."

"ఓడకి వంటగది ఇంతేనాండీ? రెండొందలమందికి పులుసు ఎక్కడ కాస్తారు?"

"అక్కడ భోజనం మిషనులోంచి వస్తుంది."

"అయితే నన్ను ఎక్కించకండి బాబూ. మిషను పులుసు మీరే తాగండి."

నవ్వాను. సునీత పోయాక గట్టిగా నవ్వడం అదే మొదలు. నవ్వు ఆగాక ఎవరి మొహం చూడాలో తెలియక వెళ్ళి గిన్నెలు తోముకున్నాను. మీ ఇంట్లో ఇంకా ఎవరూ నవ్వి ఉండరు.

గదులన్నీ నేనే రాశాను. ఆసుపత్రి గది ఒక్కటి రాయలేదు. మర్చిపోలేదు, చెయ్యి సాగలేదు. అది చూసి కీర్తన తనే గీసి పంపింది. ఆ గదిలో ప్రతి రోగి మంచం పక్కన ఇంకో మంచం ఉంది.

స్కాట్లాండు ఆయన అన్నీ మెచ్చుకుని, "ఒక రోగికి రెండు మంచాలెందుకు? స్థలం వృథా. రెండోది తీసేయండి," అని రాశారు. కీర్తన ఒక్క ముక్క జవాబిచ్చింది: "అది తీసేస్తే అమ్మమ్మ కింద పడుకోవాలి."

అత్తయ్య గారూ, ఆ ఏలూరు ఆసుపత్రిలో మీరు సునీత మంచం కింద చాప వేసుకుని పడుకున్నారు. ఆడవాళ్ళ వార్డు, రాత్రిళ్ళు మగవాళ్ళు ఉండకూడదు. నేను ఇంటికి వెళ్ళి మంచం మీద పడుకునేవాణ్ణి. మీరు ఒక్కనాడూ నన్ను ఏమీ అనలేదు. ఆ పిల్ల అంతా చూసింది.

అదంతా తెలిసి కూడా నేనేం చేశానంటే, "పోనీలే అమ్మా, తీసేద్దాం. లేకపోతే ఓడ ఒప్పుకోరు," అని రాశాను. ఆ తర్వాత దాని దగ్గరనుంచి మెయిలు లేదు. మొన్న మీరన్నారు: "నెట్ సెంటరు మానేసిందండీ. మంచిదే అనుకున్నాను. అన్నం కూడా కెలికి లేస్తోంది." అది నా వల్లే. మీరు దాన్ని ఏమీ అనకండి.

నేను స్కాట్లాండు ఆయనకు విడిగా రాశాను. మా వైపు రోగిని ఒంటరిగా వదలరని, పక్కన ఒకరు ఉంటారని, వాళ్ళకు పడుకునే చోటు ఉండదని. స్థలం చాలకపోతే నా నీటి పరీక్ష గది సగం తీసేసుకోమన్నాను. జవాబు వచ్చింది. వాళ్ళ దేశపు ఆసుపత్రుల్లో బంధువులను రాత్రి ఉండనివ్వరట, అందుకే తనకు తట్టలేదట. "మంచాలు అలాగే ఉంచండి. అమ్మాయికి నా క్షమాపణ చెప్పండి," అన్నారు. ఓడ ఒప్పుకున్నారు.

ఈ సంగతి కీర్తనకు తెలియదు. మెయిళ్ళు చూడటం లేదు కదా. అందుకే దాని ఆసుపత్రి గదిని నేను మళ్ళీ గీసి, ఆ కాగితం ఈ కవరులోనే పెట్టాను. ముందు మీరు చూడండి. చూశాక మీకు ఇష్టమైతేనే దానికి ఇవ్వండి. శనివారం ఒక గంట దాన్ని నెట్ సెంటరుకి పంపమని అడుగుతున్నాను. మీరూ వెంట వెళ్ళి పక్కన కూర్చుంటే ఇంకా మంచిది. వద్దంటే మాన్పిస్తాను. అది మీ దగ్గర పెరుగుతున్న పిల్ల. నా మాట కంటే మీ మాట ముందు.

మామయ్య గారికి నా నమస్కారాలు. మీ సాయంకాలపు ప్రార్థనలో నన్నూ తలచుకోండి. కీర్తనకు ముద్దులు.

కాగితంలో ఒక్కటి మాత్రం కీర్తన గీసింది కాదు. రోగి మంచానికి ఒక పక్క మీ మంచం ఉంది. రెండో పక్క ఒక కుర్చీ వేశాను. మా ఓడలో మగవాళ్ళు రాత్రి ఉండకూడదన్న నియమం లేదు. ఆ కుర్చీ నాది. పెన్సిలుతో గీశాను. ఉండనివ్వాలో చెరిపేయాలో మీరు చెప్పండి.

మీ దీవెనలు కోరే
ప్రసాద్