డాల్ఫిన్ తల తెరిచినప్పుడు

విశాఖపట్నం,
16 ఫిబ్రవరి 2025.

గొర్ల మంద వెంట తిరిగే మా బాపుకు,

నీ బిడ్డ రజిత వంగి దండం పెట్టి రాసేది. నేనిక్కడ క్షేమం. నువ్వూ అవ్వా బాగున్నారని తలుస్తాను. ఫోన్ చేస్తే "గొర్లు చేన్లవడ్డయ్ బిడ్డా" అని సగంలోనే పెట్టేస్తావు. అందుకే ఈ ఉత్తరం. తిరుమల వదిన చదువుతుంది, జర కుదురుగా కూచొని విను.

గెలిచాం బాపూ!

పోయిన నెల ఇక్కడి ఒడ్డుకు ఒక డాల్ఫిన్ కొట్టుకొచ్చి చచ్చిపోయింది. చూడడానికి చేపే గానీ పిల్లలకు పాలిస్తుంది. దాన్ని చంపితే జైలే. ఒంటి మీద వల గీతలున్నాయని ఎల్లాజీ అనే జాలరి మీద కేసు పెట్టి, పడవ పట్టుకుపోయారు. వలలో చిక్కే చచ్చిందని మా ల్యాబ్ రిపోర్టు కూడా ఇచ్చేసింది.

ఎల్లాజీ రోజూ మా గేటు దగ్గరే కూర్చునేవాడు. అది ఒడ్డున గిరగిరా తిరుగుతుంటే లోతుకు లాగుదామనే వల చుట్టానని వచ్చేపోయే వాళ్లందరికీ చెప్పేవాడు. ఒక్కరూ వినలేదు. నాకు మాత్రం మన గొర్రె గుర్తొచ్చింది. అట్లాగే తిరిగి తిరిగి పడి చస్తే నువ్వు పుర్రె తెరిచి, "ఇసపు మందు వెట్టిండని పక్క చేను భద్రును అనవట్టిరి. గీ నీళ్ల తిత్తి జూడు బిడ్డా, గిదే దాన్ని తిప్పింది" అన్నావు కదా!

అదృష్టం, డాల్ఫిన్ తల ఐసులో అలాగే ఉంది. పెద్దసారును బతిమాలి తెరిపించాను. చెవి నరం పక్కన మెదడు ముక్క తీసి, మైనంలో గడ్డకట్టించి, ఉల్లిపొర కంటే పలుచగా కోసి మైక్రోస్కోపు కింద పెట్టాను. అబ్బ, పురుగు గుడ్లు! ఎక్కడ చూస్తే అక్కడే. దిక్కు తెలియకనే పాపం ఒడ్డెక్కింది. వల గీతలైతే పైచర్మం దాటి లోపలికి పోనేలేదు.

నిన్న కేసు కొట్టేశారు. పడవ నీళ్లలోకి దిగుతుంటే జాలరిపేటంతా డప్పులే డప్పులు. నా మెడలో దండ వేశారు. నేనూ వాళ్లతో చిందేశాను. అవ్వకు చెప్పకు, తిడుతుంది.

ఇట్లు,
నీ బిడ్డ
రజిత

తా.క.: ఆ మొదటి రిపోర్టు రాసింది నేనే బాపూ. అది తిరిగిందన్న మాట రాయకముందే విన్నాను. మా గొర్రెకూ ఇట్లే అయిందంటే, గొర్లు కాసేవాని బిడ్డ అని నవ్వుతారని నోరు మూసుకున్నాను. మూడు వారాలు ఎల్లాజీ ఇంట్లో పొయ్యి సరిగా వెలగలేదు. నిన్న అందరి ముందూ తప్పు ఒప్పుకుని ఆయన కాళ్లు పట్టుకున్నాను. తిరిగి చస్తే తల తెరిచి చూడాలని ఏ పుస్తకంలో చదివావని పెద్దసారు అడిగారు. కొత్త రిపోర్టు అడుగున రాసి చూపించాను: "నేర్పినవారు: సోమనర్సయ్య, గొర్రెల కాపరి, దేవరుప్పుల, జనగామ జిల్లా."