మంత్రసాని మాట మీద

1959 ఫిబ్రవరి 3, తాండూరు

నా పేరు బీరమ్మ. మంత్రసానిని. వయసు డెబ్బైకి అటో ఇటో. చదువు రాదు. చెప్పేది నేను, రాసేది మా పక్కింటి ఏసుదాసు. వికారాబాద్‌లో ఇరవై ఏండ్లు కంపౌండరుగా చేసి వచ్చాడు. నేను పోయిన అంటే పోయాను అని రాస్తున్నాడు. పుస్తకంలో అట్లనే ఉండాలంట. ఉండనీ.

ఇవాళ పొద్దున బొంబాయి బండికి నా మనుమరాలు సంతోషమ్మ పోయింది. బొంబాయి నుంచి ఓడ ఎక్కి కాసాబ్లాంకా అనే ఊరికి పోతుంది. అక్కడ ఒక ఫ్రెంచి డాక్టరు ఉన్నాడు. మగ ఒంటితో పుట్టిన ఆడదానికి ఆపరేషన్ చేసి ఆడ ఒళ్లు చేస్తాడు. నా మనుమరాలు అట్లా పుట్టినదే. ఆరేండ్లుగా ఓడ వంటగదిలో పని చేస్తుంది. ఆ డాక్టరు సంగతి ఓడలోనే విని, తనే ఉత్తరం రాసి, జవాబు తెప్పించుకొని పోయింది. దాన్ని ఎవరూ పంపలేదు. ఎవరూ మందు పెట్టలేదు. రేపు దానికేమన్నా అయితే ముసల్దే పిల్లను పాడు చేసిందని ఊరంతా అంటుంది. అందుకే తారీఖు వేసి రాయిస్తున్నాను. ఇది నా తరఫు కాగితం.

పాత పేరు కూడా రాయాలె గదా పెద్దమ్మా, దవాఖాన కేసు కాగితమన్నంక అన్ని ఉండాలె అన్నాడు ఏసుదాసు. చెయ్యి నీది, నోరు నాది, రాయకు అన్నాను.

ఫిబ్రవరి 4

నిన్న ఒకటి దాచాను. దాస్తే ఇది కేసు కాదు.

దాని తల్లి, అంటే నా బిడ్డ, కాన్పైన తొమ్మిదో రోజు పోయింది. పిల్లను నేనే పెంచాను. ఏడేండ్లప్పుడు వచ్చి, అవ్వా నేను ఆడపిల్లను అన్నది. కొట్టాను. పదేండ్లప్పుడు మళ్లీ అన్నది. మళ్లీ కొట్టాను. ఆ తర్వాత చెప్పడం మానేసింది. పోలీస్ యాక్షన్ అయిన ఏడు, పదహారేండ్లకు, చెప్పకుండా బొంబాయి పోయింది.

పోయిన నెల సెలవు మీద వచ్చింది. ఈసారి అవ్వను అడగలేదు, మంత్రసానిని అడిగింది. ఇన్ని కాన్పులు చేసినవు, ఇన్ని పుండ్లు మాన్పినవు, నేను కోయించుకొని వస్తే నన్ను మాన్పుతవా అన్నది. ఏం కోస్తారు, ఏం కుడతారు, ఒంటేలుకు ఎట్లా పోతవు అని అడిగాను. ఇంట్లో నాపరాయి బండ మీద సుద్దముక్కతో గీసి చూపించింది. అర్థమైంది. పో అన్నాను.

ఏసుదాసు చెవులు ఎర్రబడ్డాయి. ఇరవై ఏండ్లు ఏం డ్రెస్సింగులు కట్టినవురా అన్నాను.

ఫిబ్రవరి 28

పోర్ట్ సయీద్ నుంచి కార్డు వచ్చింది. కులాసా అంట.

మార్చి 17

ఉత్తరం. ఈ నెల మూడో తారీఖున ఆపరేషన్ అయిందంట. ఏసుదాసు రెండుసార్లు చదివాడు.

ముక్కు మీద మందు గుడ్డ పెట్టేటప్పుడు తెలుగులో అంకెలు లెక్కపెట్టిందంట. పదకొండు దాకా గుర్తుందంట. లేచేసరికి కింద అంతా కట్లు, రబ్బరు గొట్టం. రెండు వారాలు మంచం దిగొద్దన్నారంట. పక్క మంచంలో పారిస్ పాటగత్తె ఉందంట. ఆమె కూడా ఇందుకే వచ్చిందంట. ఇద్దరికీ మాట కలవదు. ఆమెకు నొప్పి వస్తే ఇది చెయ్యి పట్టుకుంటుంది, దీనికొస్తే ఆమె పట్టుకుంటుంది. నొప్పి మస్తు ఉన్నది గానీ ఏడ్వలేదవ్వా అని రాసింది. ఏడ్చింది. దాని సంగతి నాకు తెలుసు.

ఏప్రిల్ 5

ఎదురింటి హన్మమ్మ, నీ మనుమడు సముద్రంల పడి సచ్చిండట గదా అని వచ్చింది. మనుమడు లేడు, మనుమరాలున్నది, ఆపరేషన్ అయింది, వస్తున్నది అన్నాను. నోరు మూయలేక అట్లనే ఇంటికి పోయింది.

ఏప్రిల్ 29, సాయంత్రం

వచ్చింది. రైల్లో ఆడవాళ్ల పెట్టెలోంచి దిగింది. చీర కట్టుకుంది. చిక్కిపోయింది. కాళ్లు ఎడంగా పెట్టి, మొదటి కాన్పు తర్వాత నడిచినట్టు నడుస్తుంది.

స్టేషన్‌లో మొగులప్ప ఉన్నాడు. మా ఊరి పెద్ద. వాళ్లింట్లో మూడు కాన్పులు నేనే చేశాను. దీన్ని చూసి, ఎవరి బిడ్డవమ్మా అన్నాడు. బీరమ్మ మనుమరాలినన్నది. బీరమ్మకు మనుమరాలెక్కడిది అన్నాడు. ఇగో, గీడ అన్నాను. కండ్లు చిన్నవి చేసి చూశాడు. గుర్తుపట్టాడు. బండి పోయేదాకా పట్టాలనే చూస్తూ నిలబడ్డాడు.

ఏప్రిల్ 30

తలుపేసి, వెలుతురులో పడుకోబెట్టి చూశాను. కుట్లు సన్నగా, సమంగా ఉన్నాయి. ఎక్కడా చీము లేదు. చేతిపని తెలిసినవాడే. నాకంటే మంచి చెయ్యి అని రాయించేటప్పుడు నోరు జారాను. అది రాయకు అన్నాను. ఏసుదాసు రాశాడు.

మే 6

ఈ పూట రాసేది సంతోషమ్మే. ఏసుదాసుకు చెప్పలేనివి ఉన్నాయి.

గాజు కడ్డీ ఒకటి ఇచ్చి పంపారు. పొద్దున అరగంట, మాపు అరగంట లోపల పెట్టుకోవాలి. లేకుంటే కోసి చేసిన దారి మళ్లీ మూసుకపోతుంది. వాళ్లిచ్చిన నూనె అయిపోయింది. వంటాముదం కాచి, చల్లార్చి వాడుతున్నాం. కడ్డీ మరుగు నీళ్లలో వేస్తాను. తర్వాత వేపాకు కాచిన నీళ్ల తొట్టిలో కూర్చోబెడతాను. బాలింతకు చేసేదే ఇది. తేడా ఏమంటే పక్కలో పిల్ల లేదు.

రాసేది నవ్వుతుంది. నవ్వకు, రాయి అన్నాను. పక్కల నేనే ఉన్న గదా అవ్వా అన్నది. అది కూడా రాయి అన్నాను.

మే 19

ఒంటేలుకు పోతే ధార సన్నగా వస్తుంది. నేను వింటున్నాను. పోయిన వారం అట్లా లేదు.

మే 24, వికారాబాద్

పాసింజరుకు ముగ్గురం వచ్చాం, ఏసుదాసు కూడా. దవాఖాన వరండాలో పొద్దటి నుంచి మధ్యాహ్నం దాకా కూర్చున్నాం. డాక్టరమ్మ లోపలికి తీసుకుపోయి చూసింది. ఎక్కడ చేయించిన్రు అని ఒక్కటే అడిగింది. అక్కడ ఇచ్చిన ఫ్రెంచి కాగితం చదవడం ఆమెకు కూడా రాలేదు. కానీ కండ్లున్నాయి, చూసింది. మూత్రం పోయే దారి ముడుచుకుపోతుంది, వెడల్పు చేయాలి, పది రోజులు ఆడ వార్డులో ఉండాలి అన్నది. వారం ఆగొచ్చు, రెండు వారాలైతే కష్టం అన్నది. పూర్తిగా బందైతే వాడుకోమని రబ్బరు గొట్టం ఇచ్చి, ఎట్లా పెట్టాలో నాకు చూపించింది. రెండోసారి చూపించాల్సిన పని పడలేదు.

పేరు రాసే గుమాస్తా దగ్గర ఆగిపోయింది. చూపించిన ఓడ నౌకరి పుస్తకంలో మగ అని ఉంది. మగ వార్డుల మంచమున్నది, ఇస్త అన్నాడు. డాక్టరమ్మ చెప్పినా వినలేదు. పుట్టుక కాగితం మారితేనే రిజిస్టరు మారుతుందంట. మారిస్తే తన నౌకరి పోతుందంట. డాక్టరమ్మ ఒక చిట్టీ రాసిచ్చి, తాసీలు కచేరీకి పొండి, జల్దీ పొండి అన్నది.

మే 25, తాండూరు

కచేరీలో కాగితాలు చూసేది పేష్కారు జనార్దన్. చిట్టీ చదివాడు. పాత దఫ్తరం దింపించాడు. నైజాం కాలపు పుట్టుకల పుస్తకం, ఉర్దూలో ఉంది. వేలు పెట్టి చదివి తెలుగులో చెప్పాడు. ఫలానా ఊరు, ఫలానా తారీఖు, మగపిల్లవాడు. ఎవరు చెప్పగా రాశారంటే, మంత్రసాని బీరమ్మ మాట మీద.

అప్పుడు కాన్పు కాగానే మంత్రసాని పోయి పటేలుకు చెప్పాలి. పటేలు వచ్చి చూడడు. మేము ఏది చెప్తే అది రాస్తాడు. ఈ చుట్టుపక్కల ఎంతమంది పేర్లు నా నోటి మీద ఉన్నాయో నాకే తెలియదు.

నువ్వు బతికే ఉన్నవ్, బచాయించినవ్, లేకుంటే దిద్దే దారే లేదు అన్నాడు జనార్దన్. చెప్పినామె వచ్చి పొరపాటుగా చెప్పిన అని వేలిముద్ర వేస్తే, డాక్టరు చిట్టీ కూడా ఉన్నది కాబట్టి తాసీల్దారు సాబు దిద్దుతాడు అన్నాడు.

నేను పొరపాటు చెప్పలేదు అన్నాను. ఉన్నది చూశాను, చూసింది చెప్పాను. తెలిసి తప్పు చెప్తే జుర్మానా, తెల్వక చెప్తే పొరపాటు, మూడోది లేదవ్వా అన్నాడు. చూసి చెప్పిన అని రాయి అన్నాను. గట్ల రాస్తే గది మగ అనే ఉంటది అన్నాడు.

నలభై ఏండ్లు. ఒక్క తల్లిని కూడా నా చేతిలో పోగొట్టలేదు, నా బిడ్డను తప్ప. ఆడో మగో తెలియని మంత్రసాని అని నా చేత్తో నేనే ముద్ర వేయాలంట.

వేయనని లేచి వచ్చాను.

మే 26

అన్నం వండలేదు. ఏసుదాసు మాట్లాడించబోతే కసిరాను.

మే 27, పొద్దున

బందైంది. కడుపు రాయిలా ఉంది. అది గోడకు తల ఆనించి నిలబడింది, చెమటలు. గొట్టం మరిగించి, ఆముదం రాసి, నేనే పెట్టాను. చెంబు నిండింది. పారబోసి వచ్చి దాన్ని పండబెట్టాను.

పండుకొని ఉండి అన్నది, వద్దవ్వా, నీ పేరెందుకు ఖరాబు చేసుకుంటవు, మగ వార్డులనే పండుకుంట, పది రోజులే గదా. అనేటప్పుడు నా మొహం చూడలేదు. పదహారేండ్లప్పుడు కూడా మొహం చూడకుండానే ఉండి, ఉండి, పోయింది.

మే 28

ముద్ర వేశాను.

కచేరీ నిండా జనం. మొగులప్ప భూమి పని మీద వచ్చి బల్ల మీద కూర్చున్నాడు. జనార్దన్ గట్టిగా చదివాడు. బీరమ్మ అను నేను పొరపాటున మగ అని చెప్పితిని. వేలు సిరాలో ముంచాను.

మొగులప్ప అన్నాడు, నా ముగ్గురు కొడుకులను నువ్వే తీసినవు గదనే, ఇంటికి పోయి మళ్ల చూసుకోవాల్నా ఏంది. కచేరీ అంతా నవ్వింది. జవాను కూడా నవ్వాడు. నన్నెందుకు అడుగుతవు, నీ కొడుకులనే అడుగు అన్నాను. నవ్వు జర తగ్గింది.

కచేరీ కాగితంలో ఉన్నది కచేరీ మాట. నా మాట ఇక్కడ రాయిస్తున్నాను. ఆ రోజు నేను ఒళ్లు చూసి చెప్పాను. అందులో తప్పు లేదు. తర్వాత రెండుసార్లు ఆ పిల్లే నోరు తెరిచి చెప్పింది. రెండుసార్లూ కొట్టాను. పొరపాటు అక్కడుంది. దానికి ఏ కచేరీలోనూ పుస్తకం లేదు.

ఏసుదాసు ఇది రాసి కలం కింద పెట్టాడు. పెద్దమ్మా, జర చాయ్ తాగు అన్నాడు.

మే 30, వికారాబాద్

దిద్దిన నకలు గుమాస్తా ముందు పెట్టాను. తిప్పి తిప్పి చూశాడు. ముద్ర కూడా చూశాడు. రాశాడు. ఆడ వార్డు, కిటికీ పక్క మంచం.

జూన్ 1

వెడల్పు చేశారు. టెంపరేచర్ లేదు. నన్ను లోపలికి రానియ్యలేదు, గ్లాసు తలుపు దగ్గర నిలబడ్డాను.

జూన్ 4

వార్డులో ఒకామెది దోమ అనే ఊరు, ఒకామెది బంట్వారం. బంట్వారం ఆమె సంతోషమ్మను, నీకెంతమంది పిల్లలే అని అడిగింది. లేరక్కా అన్నది. అయ్యో, మరి ఏం ఆపరేషనే అన్నది. నన్ను నేనే కన్ననక్కా అన్నదంట. అందరూ పిచ్చిదనుకొని నవ్వారంట. ఇది కూడా నవ్విందంట. ఇప్పుడు ఆమెకు జడ వేస్తుంది ఇదే.

జూన్ 11

ఇంటికి వచ్చాం. ధార బాగుంది. డాక్టరమ్మ ఆరు నెలలకు మళ్లీ చూపించుకోమన్నది. కడ్డీ మాత్రం మానొద్దన్నది.

జూన్ 30

ఈ నెలలో నన్ను ఎవరూ కాన్పుకు పిలవలేదు. రెండు అయ్యాయని తెలుసు. హన్మమ్మ వాకిట్లోంచి, అవ్వా, ఇగ కండ్లద్దాలు తెచ్చుకో అన్నది. పిలిచేదాకా తెచ్చుకోను అన్నాను.

జూలై 22

యాలాల్‌లో నర్సప్ప కోడలికి కాన్పైంది. నన్ను పిలవలేదు. సంతోషమ్మ చూడపోయి వచ్చి, ఆడపిల్లంటవ్వా అన్నది.

అంటున్నరా, అననీ అన్నాను. పిల్లకు మాటలు రానీ. అదే చెప్తది.