బొట్టు అందని చిన్నమ్మ

మార్చి 10
మిరప కోతలకు వలస, అదే సుగ్గికి, పోయినవాళ్లు వచ్చేశారు. కోసిగి బస్టాండంతా మిరప ఘాటే. అమ్మ పోయాక నన్ను పెంచిన హనుమక్క చిన్నమ్మ కూడా దిగింది. బాగా చిక్కిపోయింది. మా హెల్త్ సెంటర్‌కు లాక్కెళ్లి నేనే కొలిచాను. బరువు 42.6, ఎత్తు 146. BMI ఇరవై. యాప్‌లో గ్రీన్. హమ్మయ్య.

మార్చి 11
చిన్నమ్మ రాత్రి అరుగు మీదే పడుకుందట. సుగ్గికి పోయేముందు మావాళ్లు తలుపు మీద ఎవరి నుదురు ఎత్తున వాళ్లు కుంకుమ బొట్టు పెడతారు. తిరిగొచ్చాక పాదాలు నేలమీదుంచి, దానికి నుదురు ఆనిస్తేనే ఇల్లు చేరినట్టు. ఆమెకు బొట్టు అందలేదు. నేనింగా రాలేదు పాపా, ఆడనే ఉండాను అంది. ఉచ్చీరప్ప చిన్నాన్న తిట్టాడు.

మార్చి 12
పాత బొట్టు కింద కొత్తది పెట్టాను. నుదురు ఆనించి లోపలికొచ్చింది. మొండి మనిషికి అదే మందు.

మార్చి 17
మళ్లీ అరుగు మీదే. నేను పెట్టిందీ అందడం లేదట. నడుము నొప్పి అంటోంది. బరువు 40.3, ఎత్తు 142. BMI ఇరవై. గ్రీన్. టేపు తప్పేమోనని నన్ను నేను కొలుచుకున్నాను. టేపు బాగానే ఉంది.

మార్చి 18
ఇంకా కిందికి ఇంకో బొట్టు. నుదురు ఆనించి లోపలికి పోయింది.

మార్చి 24
బరువు 38.1, ఎత్తు 138. మళ్లీ అదే గ్రీన్. ఆ రంగు చూస్తేనే భయమేసి ఆదోని ఆస్పత్రికి తీసుకెళ్లాను. డాక్టరమ్మ నన్ను వాయించేసింది. వెన్నెముకను టీబీ తినేస్తోందట. బరువుతోపాటు ఎత్తూ తగ్గితే BMI యాడ తగ్గుతుందమ్మా, కుంగకముందు ఎత్తు వేసి చూడు అంది. నిరుడు నేనే కొలిచాను, 150. వేశాను. పదిహేడు కూడా రాలేదు. రెడ్.

మనిషి తరిగిపోతుంటే కొలతను కిందికి దించుతూ కూర్చున్నాను, యాప్‌లోనూ తలుపు మీదా. నా తెలివి తెల్లారినట్టే ఉంది. వార్డులో చేర్చుకున్నారు. నన్ను ఇంటికి సేర్సు పాపా అని చిన్నమ్మ చెయ్యి వదల్లేదు. చిన్నాన్న అక్కడే ఉన్నాడు.

మార్చి 25
ఆమె బట్టల కోసం ఊరొచ్చాను. నేను పెట్టిన బొట్లు రెండూ తడిగుడ్డతో తుడిచేశాను. పైది, ఆమె పెట్టుకున్నది, ఉంచాను. తాళం వేసి పక్కనే మా ఇంటికి వచ్చేశాను. చిన్నమ్మా, నువ్వు అంత ఎత్తే. అంతే ఉండాలి.

మార్చి 26, తెల్లవారుజాము 5
పై బొట్టు చెదిరి ఉంది, నుదురు ఆనించినట్టు. మిరప ఘాటు. వేసిన తాళం వేసినట్టే ఉంది. తీశాను. తలుపు రాలేదు. లోపల గడియ వేసి ఉంది.
నా ఫోన్ మోగుతోంది. ఆస్పత్రి నుంచి చిన్నాన్న.