ఆ పాటకి మా వెర్షన్

మార్చి 3, ఆదివారం

పాట ఒక్కటే. పాడినవాళ్లే లెక్కలేనంత మంది. మెకానిక్ షెడ్డు మీద మా ప్రాక్టీస్ రూమ్‌లో కూర్చుని దొరికిన కవర్ వెర్షన్లన్నీ విన్నాం. పదహారున రేడియో వాళ్ల పోటీ. ఏ బ్యాండ్ వచ్చినా ఆ ఒక్క పాటే వాయించాలి. మేం పుట్టకముందు వచ్చిన రాక్ పాట. అందులో ఉన్నదల్లా ఒకటే మాట. నువ్వు వెళ్లిపోతే ఈ ఊరు తగలబెడతాను.

గిటార్ వాయించే బావకి మెటల్ వెర్షన్ నచ్చింది. అక్కకి, ఒక ముసలావిడ పియానో ముందు ఒంటరిగా కూర్చుని పాడినది. నాకు పోలీస్ బ్యాండ్ బాకాలతో ఊదినది. పై అధికారి పర్మిషన్ తీసుకుని మరీ ఊరు తగలబెడుతున్నట్టుంటుంది. బాస్ గిటార్ వాయించే మౌని, ఒరిజినల్, అన్నాడు. అతనికి ఆ పేరు ఊరికే రాలేదు. రోజంతా ఆ ఒక్క మాటే మాట్లాడాడు.

నవ్వీ నవ్వీ నాకు పొట్ట చెక్కలైంది. డ్రమ్స్ ముందు సరిగ్గా కూర్చోలేకపోయాను.

మార్చి 5, మంగళవారం

ముసలావిడది పాట కాదు, ఏడుపు అన్నాడు బావ. అక్క వాదన పెట్టుకోలేదు. ఒక్కసారి వినండి అని మైకు తీసుకుంది. వాయిద్యం లేకుండా, నెమ్మదిగా పాడింది.

వెయ్యిసార్లు విన్న మాటలే. అరుపు తీసేస్తే వేరే ఏదో మిగిలింది. వంటింటి గుమ్మానికి అడ్డంగా నిలబడి, లోపలున్న మనిషికి మాత్రమే వినపడేలా ఎవడో చెబుతున్నట్టుంది. మాట చివర ఒక చిన్న సాగదీత. అది ఎవరిదో నాకు తెలుసు. మౌనికీ తెలిసింది. తల దించుకున్నాడు.

బావ చప్పట్లు కొట్టాడు. మైకు కేబుల్ పీకి మోచేతికి చుట్టుకుంటూ, మీ అక్కకి యాక్టింగ్ కూడా వచ్చన్నమాట మరదలా, ఇన్నాళ్లూ చెప్పలేదే అన్నాడు.

కేబుళ్లు ఎప్పుడూ నేనే చుడతాను.

మార్చి 6

అక్క మెడకి స్కార్ఫ్. అల్మరా తలుపు తగిలిందట. అల్మరా తలుపుకి వేళ్లుంటాయా?

మార్చి 9, శనివారం

ఎడమచేత్తో రాస్తున్నాను. కోడి గీకినట్టుంది.

సామాన్లు వ్యాన్‌లోకి ఎక్కిస్తుంటే బావని అడిగేశాను. అక్క మెడ మీద అవేంటి అని. మొగుడూ పెళ్లాల మధ్యకి రాకు అన్నాడు. వస్తాను అన్నాను. సరే రా అన్నాడు, లోపల్నుంచి వ్యాన్ తలుపు మూసేశాడు. నా కుడిచెయ్యి ఇంకా అంచు మీదే ఉంది. వేళ్లు పటుక్కుమన్నాయి. నొప్పికంటే ముందు ఆ చప్పుడే తెలిసింది. తలుపు వెంటనే తియ్యలేదు. అద్దంలోంచి నా మొహం చూశాడు. తర్వాత తీశాడు.

అయ్యో, చూసుకోలేదమ్మా అంటూ తనే ఆస్పత్రికి తీసుకెళ్లాడు. దారిలో కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు ఆ పాట కూనిరాగం తీశాడు.

రెండు వేళ్లు విరిగాయి. నేను పనిచేసే కళ్లజోళ్ల షాపు ఓనరమ్మ వారం సెలవిచ్చింది. ఈ చేత్తో అద్దాలు బిగించలేను.

మార్చి 12

అక్క నా గదికి వచ్చేసింది. ఒక బ్యాగు, చెప్పులు రెండు రకాలు. చీకట్లో చూసుకోలేదట.

పోటీ మానేద్దాం అన్నాను. ఒప్పుకోలేదు. వాడి ఇంట్లోంచి వచ్చేశాను, సరే, నా గొంతులోంచి కూడా నేనే లేచి రావాలా అంది.

పెళ్లైన దగ్గర్నుంచీ బావని 'ఆయన' అనేది. 'వాడు' అనడం ఇదే మొదలు. అని, తనే ఉలిక్కిపడింది.

మార్చి 16, రాత్రి. పోలీస్ స్టేషన్ నుంచి ఇప్పుడే వచ్చాను

మధ్యాహ్నం మా వంతు వచ్చింది. ముగ్గురం ఎక్కాం. అక్క, మౌని, ఎడమచేత్తో నేను. మైకు ముందు అక్క నిలబడగానే బావ మెట్లెక్కి వచ్చాడు. గిటార్ భుజాన ఉంది. బ్యాండ్ మనిషే కదా అని ఎవరూ ఆపలేదు. మౌని అడ్డం వెళ్లబోతే అక్క వద్దన్నట్టు తలూపింది.

బావ మొదలుపెట్టాడు. అబద్ధం రాసి లాభం లేదు. హాలు హాలంతా లేచి నిలబడింది.

ఆ గిటార్ మొదలంతా అవనిచ్చింది అక్క. అప్పుడు ఎత్తుకుంది, నెమ్మదిగా, ముసలావిడ పాడినట్టు. జనం వైపు కాదు, బావ వైపు తిరిగి పాడింది. వాడి మాటలు వాడికే అప్పజెబుతున్నట్టు. రెండో లైనుకి బావ చేతులు ఆగిపోయాయి. గిటార్ బెల్టు మెడలోంచి తీశాడు. గిటార్ మెడ రెండు చేతులా పట్టుకుని తిప్పి కొట్టాడు.

వైరు ఇంకా తగిలించే ఉంది. అక్క దవడకి తగిలిన చప్పుడు స్పీకర్లన్నిటిలోంచీ వచ్చింది. జనం ఈలలు వేశారు. షో అనుకున్నారు. అక్క మోకాళ్ల మీద కూలి, నోట్లోంచి ఏదో అరచేతిలోకి ఉమ్మింది. పన్ను. బావ మళ్లీ ఎత్తాడు. రెండో దెబ్బ భుజం మీద పడింది. ఈలలు ఇంకా వస్తూనే ఉన్నాయి.

ఇత్తడి పళ్లెం నిలబెట్టే సింబల్ స్టాండు నా చేతిలోకి ఎలా వచ్చిందో తెలియదు. ఇనపది. ఎడమచేత్తో అంత బరువు ఎత్తగలనని కూడా తెలియదు. వాణ్ణి ఆపడానికి కొట్టాను అని రాయాలనుంది. మొదటి దెబ్బ దానికే. మిగతావి కాదు. మోకాలు, మోచెయ్యి, పడ్డాక చెవి మీద. మరదలా అన్నాడు. మళ్లీ చెవి మీదే. తాళంలో కొడుతున్నాను. అది నాకు తెలుస్తూనే ఉంది. హాయిగా ఉంది.

మౌని వెనకనుంచి నన్ను వాటేసుకుని, చాలు తల్లీ, వాడు పడిపోయాడు, అక్కని చూడు ముందు అన్నాడు. అతను అన్ని మాటలు ఒకేసారి అనడం నేనెప్పుడూ వినలేదు.

అప్పటికి ఈలలు ఆగాయి.

మార్చి 17

అక్క దవడ రెండు చోట్ల విరిగింది. తీగలతో కట్టేశారు. మాట్లాడకూడదు. మొహం సగం వంకాయ రంగు. నన్ను చూడగానే ఫోన్ తీసుకుని టైప్ చేసింది. రెండో లైనులో శ్రుతి తప్పానా?

లేదన్నాను. నిజంగానే తప్పలేదు.

మార్చి 20

ఎవరో తీసిన వీడియో ఊరూరా తిరుగుతోంది. కింద కామెంట్లలో జనం పోలుస్తున్నారు. మెటల్ వెర్షన్ కంటే ఇదే బాగుందని ఒకడు. గిటార్‌తో కొట్టేది అదిరిందని ఇంకొకడు. ఆవిడ ఏం చేసి ఉంటుందో అని ఒకావిడ. ఫోన్ గోడకి విసిరాను. పగల్లేదు. దాన్ని తీసి మళ్లీ విసిరాను.

స్టేషన్‌లో ఇన్‌స్పెక్టర్ మేడమ్, పడిపోయాక కూడా ఎందుకు కొట్టావమ్మా అని అడిగింది. గుర్తులేదు అని చెప్పాను. మేడమ్ పెన్ను పక్కన పెట్టి నన్ను చూసింది. పూర్తిగా నమ్మలేదు.

రేడియో ఆయన ఫోన్ చేశాడు. మా రికార్డింగ్ వేసుకోవచ్చా, ఆ చప్పుడు కట్ చేస్తాంలే అన్నాడు. అక్కని అడిగాను. టైప్ చేసింది: వెయ్యమను. చప్పుడు కట్ చెయ్యొద్దను.

ఏప్రిల్ 2

అక్క అత్తగారు వచ్చింది. బావ జైలు ఆస్పత్రిలో ఉన్నాడట. ఒక చెవి పూర్తిగా పోయిందట. కోపం తప్ప మా వాడికి ఇంకే వంకా లేదు, కేసు వెనక్కి తీసుకోమ్మా అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. వంటింట్లో కూరగాయల కత్తి మీదకి పోయింది నా చూపు. అక్క అది గమనించి నా మోకాలి మీద చెయ్యి వేసింది. తీగలు బిగించిన పళ్ల మధ్యనుంచి ఒక్కో మాటా తోసింది.

ఇంకో చెవి ఉందిగా అత్తయ్యా. దాంతో వినమనండి.

ఏప్రిల్ 11, షాపు

రేడియోలో మా పాట. గిటార్ మొదలు వస్తోంది. బావ వేళ్లు. కొత్త ఫ్రేము పెట్టుకుని చూసుకుంటున్న ఒక పెద్దావిడ, ఎవరమ్మా ఇది, ప్రాణం పెట్టి వాయిస్తున్నాడు అంది.

బాగా వాయిస్తాడండీ అన్నాను.

కౌంటర్ కింద నా కాలు తాళం వేస్తోంది. ఆగమంటే ఆగలేదు.