వావిలాకు వాసన

సరోజా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. చండ్రుగొండ చేల మీద పొగమంచు ఇంకా విడలేదు. మిరపతోటలో నిలబడితే నువ్వు అవతలి గట్టు మీదే ఉన్నట్టుంది.

ఈసారి నీ వావిలాకు కషాయాన్ని రైతులతో పనిచేసే ట్రస్టు వాళ్లు మన తోటలో పరీక్షకు పెట్టారు. ఊరంతా కొడుతున్నా, అది మిరపకొచ్చే ఆకుముడత తెగులును ఆపుతుందో లేదో ఇన్నాళ్లూ ఎవరూ సరిగా చూడలేదట. సగం సాళ్లకు కషాయం, సగం సాళ్లకు ఉత్త నీళ్లు కొట్టించారు. ఎక్కడ ఏది కొట్టామో చెప్పకుండా, ముడత చూడటానికి వేరే అమ్మాయిని పంపారు.

ఏ సాలుకు ఏది కొట్టామో పోల్చి లెక్క తేల్చాక, నిన్న ఆ అమ్మాయే ఇంటికి వచ్చింది. మంచినీళ్లు తాగి గ్లాసు కింద పెట్టింది.

"రెండూ ఒక్కతీరుగనే ఉన్నయ్ తాతా. తేడా ఏం లేదు."

నాకు కోపమొచ్చింది. నీ చేతి మందును ఎవరో వచ్చి కాదనడమేమిటి?

"అయితే ఇగ బంద్ చేసుడేనా?" అన్నాను.

"అప్పుడే ఎట్ల తాతా? ఒక్క పంట చూసి తేల్చొద్దు. వచ్చే ఏడు గూడ గిట్లనే కొట్టి చూడాలె."

అటకెక్కించబోయిన కషాయం కుండను మళ్లీ పొయ్యి పక్కనే పెట్టాను. ఇంకో ఏడు మన వాకిట్లో నీ వాసన ఉంటుంది.