తులసి మీద పొడి

శ్రావణ శనివారం, 1974

పొద్దున తీర్థం ఇస్తే చెల్లె రాధ మొహం చిట్లించింది. "అక్కా, చేదుగున్నది." ఐదో నెల కడుపుతోటి ఉన్నది. "దేవుని తీర్థం, మింగు" అన్న. మింగింది.

తీర్థంల వేసినయి చీకట్ల కోసిన తులసి ఆకులు. తెల్లారినంక చూస్తే తులసి నిండా తెల్లటి పొడి. పక్క క్వార్టర్ మల్లేశం నిన్న వంకాయ చెట్ల మీద పురుగుమందు చల్లిండట. అడిగితే పండ్లికిలించిండు.

"గాలి కొట్టుకొస్తే నేను జిమ్మేదారునా అక్కా? మీ తులసికి గూడ పురుగు పట్టదు, పైసా ఖర్చు లేకుండ ఫుకట్ల మందు!"

ఛీ. అతన్ని చూస్తే రోత. మింగు అన్న నా నోటి మీద అంతకన్న రోత.

దవాఖానకు పోదామంటే రాధ "ఎందుకక్కా, మంచిగనే ఉన్న" అన్నది. ఎందుకో చెప్పలేకపోయిన.

సాయంత్రం "లోపల కదులుతున్నదక్కా, చెయ్యి పెట్టు" అన్నది. తులసి మీది పొడి కడిగిన చేతులు, ఇంకా మందు వాసనే. పెట్టలేదు...