ఉత్తుత్తి కోర్టు

నౌపడ,
6-5-2025

లీలారాణి లాయరమ్మ గారికి,

ఉప్పుమళ్ల నుంచి కూర్మమ్మ నమస్కారాలు. మేమంతా క్షేమమని రాయాలి కాబట్టి రాశాను, నమ్మెయ్యకండి.

అప్పీలు వేద్దాం, సంతకానికి ఈశ్వరిని శ్రీకాకుళం తీసుకురమ్మని కబురు పెట్టారు. దానికి తీరికేదమ్మా? మొదట జ్వరం, తర్వాత చుట్టాలు, ఇప్పుడు మళ్లీ జ్వరం.

మీరు పోట్లాడి మా ఆడవాళ్లకు కట్టించిన మరుగుదొడ్డి బ్రహ్మాండంగా ఉంది. మేస్త్రీ తిరుమలరావు అందులో నీళ్లు తోడే ఇంజను పెట్టి తాళం వేశాడు. మేం మునుపట్లాగే తుమ్మల చాటుకు పోతున్నాం. మన సంఘం మీటింగుకి మొన్న నేనొక్కదాన్నే వెళ్లాను. అధ్యక్షత వహించి, నాకు నేనే చప్పట్లు కొట్టుకుని వచ్చాను.

కోర్టు రోజు నుంచి మీరిటు రాలేదు. మీ మీద మాకేం కోపం లేదు. తిరుమలరావు తన మీద చెయ్యి వేశాడని నోరు తెరిచి చెప్పిన మొదటి మనిషి ఈశ్వరి. బోనెక్కాలంటే దానికి వణుకు. ఆ వణుకు పోవాలని మీరు ఉప్పుకుప్ప దగ్గర ఉత్తుత్తి కోర్టు పెట్టించారు. నా నోరు తెలుసు కాబట్టి అవతలి లాయరు వేషం నాకిచ్చారు. తువ్వాలు మెడకు చుట్టి, ఎక్కడ ముట్టుకున్నాడు, ఏ చేత్తో, నువ్వెందుకు అరవలేదు అని ముక్కుతో అడిగేదాన్ని. మొదట్లో అది ఏడ్చింది. పోనుపోను పడీపడీ నవ్వింది. నవ్వొచ్చిందంటే భయం పోయినట్టేనని మీరూ మురిసిపోయారు.

అసలు కోర్టులో ఆ లాయరు లేచి, మెడపట్టీ సర్దుకుని, సరిగ్గా అదే అడిగాడు. ముక్కుతోనే అడిగాడు, మా ఖర్మ. అది నవ్వింది. కొంగు నోట్లో కుక్కుకున్నా ఆగలేదు. నిజంగా జరిగిన ఆడది ఇలా నవ్వుతుందా అన్నాడాయన. కేసు పోయింది.

ఇప్పుడు తిరుమలరావు గట్టు మీద నడుస్తూ, “మీ గుంట కోర్టులో బలే నవ్వినాది గదే, మీరూ ఓపాలి నవ్వండి” అంటాడు. నేను తల వంచుకుని ఉప్పు లాగుతాను. నేను, తల వంచుకుని!

ఈశ్వరి మీకు నమస్కారాలు చెప్పమంది. జ్వరం తగ్గగానే తీసుకొస్తాను.

ఇట్లు,
మీ ఉత్తుత్తి లాయరు
కూర్మమ్మ

తా.క. జ్వరం అబద్ధం. నమస్కారాలూ నేను కల్పించినవే. పని ఇంకెవరూ ఇవ్వక ఈశ్వరి తిరిగి తిరుమలరావు మళ్లలోనే, నా పక్కనే, ఉప్పు లాగుతోంది. వాడు బెదిరించాడా, అందుకే రానంటున్నావా అని నిన్న అడిగాను. కాదంది. గంప దించి, నా మొహం చూడకుండా చెప్పింది:

“మల్లీ అదే అడుగుతారు గదా పిన్నీ. నాకు మల్లీ నవ్వొచ్చీస్తాది.”